దుమ్మును కిలోమీటర్లలో కొలిచేదెట్లా?

దూరప్రయాణాల బైకులున్నవాళ్లు బళ్లారిలో ఎక్కడ నలుగురు చేరినా ఒక వాదం తప్పదు. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి? బండితో వచ్చిన పుస్తకం పదివేల కిలోమీటర్లంటుంది. షోరూమ్‌లో వీలైతే ప్రతి సర్వీసుకూ మార్చమంటారు. వీధి మెకానిక్ "మార్చేదెందుకన్నా, గాలి కొడితే సాలు, ఇంకో పదివేలు వస్తాది" అంటాడు. లేహ్ చూసివచ్చినవాడు తాను కాటన్ ఫిల్టర్ వేయించానని, ఉతికి వాడుకోవడమే తప్ప జన్మలో మార్చే పని లేదని చెబుతాడు. ఇంకొకడు బండి కొన్ననాటి నుంచి ఆ మూతే విప్పలేదు, అయినా బండి దివ్యంగా పోతోందని నవ్వుతాడు. మనిషికో అంకె, అంకెకో అనుభవం. ఇంత తేడాలోనూ వాళ్లంతా ఒక్క విషయంలో కలుస్తారు: ఫిల్టర్ వయసును దూరంతో లెక్కగడతారు. తగాదా అంతా ఎన్ని కిలోమీటర్లని. అసలు కిలోమీటర్లలో లెక్కపెట్టడం సరైనదేనా అన్నది ఎవరూ అడగరు.

బళ్లారి చుట్టూ ఉన్న రోడ్లను ఒకసారి తలచుకుంటే ఆ ప్రశ్న అడగక తప్పదు. పడమరగా హొసపేట వైపు, జాతీయ రహదారి 67 మీద తోరణగల్లు వస్తుంది. అక్కడ జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కర్మాగారం. దానికి దక్షిణాన సండూరు కొండలు, ఎన్‌ఎండీసీ వారి డోణిమలై గనులు. అక్కడ దుమ్ము ఎర్రది, బరువైనది, బట్టకు అంటితే ఒక ఉతుకుతో పోదు. ఉత్తరాన సిరుగుప్ప వైపు తుంగభద్ర కాలువ కింద వరి. కోతల రోజుల్లో ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చిన నల్లరేగడి రోడ్డు మీద రాలి, ఎండి, లారీ టైర్ల కింద నలిగి పిండవుతుంది. దానికి తోడు వరి ఊక. ఆదోని దారిలో పత్తి బళ్ల వెంట పోతే నూగు. తూర్పున గుంతకల్లు, గుత్తి దాటి తాడిపత్రి, బెలుం వైపు వెళితే సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీల తెల్లపొడి. దక్షిణాన రాయదుర్గం దారి అన్నిటికన్నా వింతైనది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి, నిజంగానే గాలికి కదిలే దిబ్బలు. ఆషాఢమాసంలో నైరుతి గాలి మోతెత్తినప్పుడు, వాన చుక్క ఉండదు గానీ, ఇసుక రోడ్డు మీద పాకుతూ కనబడుతుంది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి తక్కిన బళ్లారి జిల్లా మైసూరుకు చేరింది. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. రైడర్లకు ఈ హద్దులు పట్టవు. ఒక వారం హంపి, మరో వారం మంత్రాలయం, మూడు రోజుల సెలవొస్తే గండికోట. అంటే ఒక్క నెలలోనే ఒక ఫిల్టర్ ఎర్రదుమ్ము, నల్లదుమ్ము, సిమెంటు పొడి మూడూ చూస్తుంది. పుణెలోనో చెన్నైలోనో కూర్చుని మాన్యువల్ రాసినవాళ్ల లెక్క ఇక్కడికి ఎంతవరకు సరిపోతుందో చూద్దాం.

ఈ లెక్క ఎవరైనా వేసుకోగలిగిందే. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో. అది పూర్తిగా కాలాలంటే తన బరువుకు సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, అంటే దాదాపు 11 కిలోలు. బళ్లారి ఎండలో, ఇక్కడి ఎత్తులో, అది సుమారు పదివేల లీటర్ల గాలి. ఘనపు మీటర్లలో పది. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే బైకు పదివేల కిలోమీటర్లు తిరిగితే 333 లీటర్ల పెట్రోలు కాలుతుంది, 3,300 ఘనపు మీటర్ల గాలి ఫిల్టర్ గుండా పోతుంది. ఇప్పుడు ఆ గాలిలో దుమ్మెంత? మన దేశంలో పీఎం 10 అనే సన్నదుమ్ముకు ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి ఆ హద్దులోనే ఉందనుకుంటే పదివేల కిలోమీటర్లకు ఫిల్టర్‌కు చేరే దుమ్ము మొత్తం 0.2 గ్రాములు. పారాసిటమాల్ 500 మాత్రలో సగం కూడా కాదు.

ఇక రెండో వైపు. లారీ వెనక మట్టిరోడ్డు మీద ముందేమీ కనబడనంత దుమ్ము లేచినప్పుడు గాలిలో ఎంత ఉంటుందన్నదానికి ఫిల్టర్ల ఇంజనీర్లు చాలాకాలంగా వాడే అంకె ఘనపు మీటరుకు 0.88 గ్రాములు. మైక్రోగ్రాములు కాదు, గ్రాములే. ఆ దుమ్ములో మన బైకు ఒక్క కిలోమీటరు పోతే మూడో వంతు ఘనపు మీటరు గాలి పీలుస్తుంది, దాంతోపాటు 0.29 గ్రాముల దుమ్ము. మంచి గాలిలో పదివేల కిలోమీటర్లకు చేరేదానికన్నా ఎక్కువ.

ఈ లెక్కకు సవరణలు లేకపోలేదు. పీఎం 10 అన్నది పది మైక్రాన్ల లోపు కణాలనే లెక్కిస్తుంది, రోడ్డు దుమ్ములో అంతకన్నా పెద్దవే ఎక్కువ బరువు తూగుతాయి. ఎంత మంచి రోడ్డయినా టైర్లు లేపే దుమ్ము వల్ల ఊరి సగటు గాలికన్నా మురికిగానే ఉంటుంది. ఫిల్టర్ డబ్బా మూతి వెనక్కో పైకో తిరిగి ఉంటుంది కాబట్టి పెద్ద రేణువులన్నీ లోపలికి రావు. ఇవన్నీ కలిపి పదిరెట్లు తగ్గించినా విషయం మారదు. బెంగళూరు హైవే మీద వెయ్యి కిలోమీటర్లు ఒక ఎత్తు, సండూరు గని దారిలో ఒక కిలోమీటరు ఒక ఎత్తు. ఓడోమీటర్ ఈ రెండిటినీ ఒకే గాటన కడుతుంది.

గుంపుగా పోయేవాళ్ల బళ్లలో దీనికి సాక్ష్యం దొరుకుతుంది. ఒకే మోడల్ బైకులు, ఒకే రోజు బయలుదేరి, ఒకే దారిలో పోయి వస్తాయి. మీటర్లలో ఒకే అంకె. ఫిల్టర్లు విప్పితే మాత్రం ముందు నడిచినవాడిది గోధుమరంగు, వెనక తోక పట్టుకుని వచ్చినవాడిది ఇటుకరంగు. ముందువాడు లేపిన దుమ్మును వెనకవాడు తింటాడు. మట్టి దారి వచ్చినప్పుడు వరస మార్చుకుంటూ పోవడం, బండికీ బండికీ ఎడం ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, ఇంజన్ బతుకు కూడా.

సండూరు దుమ్ము గురించి మరో మాట. ఇనుప ఖనిజమే కదా, ఫిల్టర్ డబ్బాలో అయస్కాంతం పెడితే పోలా అని అడిగేవాళ్లుంటారు. పోదు. ఇక్కడిది హెమటైట్. కుద్రేముఖలో తవ్విన మాగ్నెటైట్ లాగా ఇది మామూలు అయస్కాంతానికి అంటుకోదు. పైగా ఈ కొండల్లో ఇనుపరాయి పొరల మధ్య క్వార్ట్జ్ పొరలుంటాయి. గట్టిదనం కొలిచే మోస్ కొలతలో హెమటైట్ ఆరుకు అటూ ఇటూ, క్వార్ట్జ్ ఏడు. సిలిండర్ గోడ, పిస్టన్ రింగు చేసే ఇనుము ఈ రెండిటికన్నా మెత్తనిది.

గనుల చరిత్రను కూడా ఇక్కడివాళ్లు రోడ్డు దుమ్ముతోనే గుర్తుపెట్టుకున్నారు. 2000 తరువాత చైనా కొనుగోళ్లతో ఖనిజం ధర ఎగిసినప్పుడు రేవులకు పోయే లారీలు రాత్రింబవళ్లు బారులు కట్టేవి, రోడ్లు గుంతలై పోయాయి, చెట్ల ఆకులు ఎర్రబారాయి. 2010 జులైలో కర్ణాటక ఖనిజ ఎగుమతులు ఆపింది. 2011 జులైలో లోకాయుక్త సంతోష్ హెగ్డే తన నివేదిక ఇచ్చారు, ఆ నెలాఖరులోనే సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలను నిలిపివేసింది. 2013లో షరతుల మీద కొన్ని గనులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడు టార్పాలిన్ కప్పడం, రోడ్డు తడపడం, కొంత ఖనిజాన్ని కన్వేయర్ల మీద పంపడం వచ్చాయి. దుమ్ము తగ్గింది, పోలేదు. అప్పటి అనుభవంతో "రెండువేలకే మార్చాలబ్బా" అనే పాతకాపులూ, ఇప్పటి సిమెంటు రోడ్డు చూసి "అంతొద్దులే" అనే కుర్రాళ్లూ ఇద్దరూ తమ తమ కాలానికి నిజమే చెబుతున్నారు.

దుమ్ము లోపలికి పోతే జరిగేదేమిటి? కంటికి కనబడే ఇసుక రేణువు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, ఎంత నాసి ఫిల్టరైనా దాన్ని ఆపుతుంది. ప్రమాదమంతా అయిదు నుంచి ఇరవై మైక్రాన్ల కణాలతో. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఆయిలు పొర కొన్ని మైక్రాన్లే. దానికన్నా మరీ చిన్న కణం పొరలో తేలిపోతుంది, మరీ పెద్దది ఆ సందులో దూరదు. సరిగ్గా ఆ సందుకు పట్టే సైజు కణమే రెండు లోహాల మధ్య నలుగుతూ గీస్తుంది. గీసిన లోహపు పొడి ఆయిల్లో కలిసి బేరింగుల దాకా పోతుంది. కంప్రెషన్ తగ్గుతుంది, బండి ఆయిలు తాగడం మొదలుపెడుతుంది, సైలెన్సర్ నీలంగా పొగ విడుస్తుంది. "బోరు పోయింది" అని మెకానిక్ తీర్పు చెప్పేసరికి కారణం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్ కోసం చూసుకుంటే రింగులకూ పిస్టన్‌కూ వేలు పెట్టాల్సి వస్తుంది.

ఇక్కడే మైలేజీ భ్రమను విడదీయాలి. "ఫిల్టర్ మూసుకుంటే మైలేజీ పడిపోతుంది, పడిపోలేదంటే ఫిల్టర్ బాగున్నట్టే" అన్నది చాలామంది నమ్మకం. కార్బురేటర్ రోజుల్లో అది చాలావరకు నిజం. గాలి తగ్గినా పెట్రోలు అంతే వచ్చేది, మిశ్రమం చిక్కబడేది, ప్లగ్గు నల్లగా మసిబారేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక దూరప్రయాణాల బైకులన్నీ ఇంజెక్షన్ బళ్లే. గాలి తగ్గితే బండిలోని కంప్యూటర్ పెట్రోలు కూడా తగ్గిస్తుంది. రైడర్ తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పుతాడు, అంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో కార్ల మీద ఇదే పరీక్షించింది. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం తగ్గింది. పాత కార్బురేటర్ కారులో మైలేజీ 2 నుంచి 6 శాతం దాకా తగ్గింది. బైకుకూ కారుకూ తేడాలున్నా సూత్రం ఒకటే. కాబట్టి "నా బండికి ఏమీ కాలేదు" అని మూత విప్పనివాడి ధీమాకు అర్థం లేదు, ఇప్పటి బండి తన ఇబ్బందిని దాచుకుంటుంది. పైగా మూసుకుపోయిన ఫిల్టర్ కనీసం పికప్ తగ్గించి గుర్తు చేస్తుంది. చిరిగిన ఫిల్టర్, సరిగా కూర్చోని ఫిల్టర్ ఏ గుర్తూ ఇవ్వవు. గాలి ధారాళంగా వస్తుంది కాబట్టి బండి ఇంకా హుషారుగా పోతుంది కూడా.

ఏ రకం ఫిల్టర్ మంచిదన్నది రెండో తగాదా. రకాలు నాలుగు చెప్పుకోవచ్చు గానీ వాటిలో నూనెతొట్టి ఫిల్టర్ బైకుల్లో లేదు, పాత ట్రాక్టర్లలో ఉంది. గాలి నూనె మీదుగా తిరిగి వెళుతుంది, దుమ్ము నూనెలో దిగిపోతుంది. దాన్ని వాడిన రైతులకు ఎయిర్ ఫిల్టర్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దుక్కుల రోజుల్లో గిన్నె విప్పి అడుగున పేరుకున్న బురద చూడటం వాళ్లకు అలవాటే. బైకుల్లో ఎక్కువగా కనబడేది మడతలు పెట్టిన కాగితం ఫిల్టర్. అందులోనూ రెండు జాతులు. పొడి కాగితం ఒకటి. నూనె పట్టించిన కాగితం రెండోది, మాన్యువల్‌లో దాన్ని విస్కస్ అని రాస్తారు. విస్కస్ ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు. గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడం ఒక్కటే. అది కొత్తగా ఉన్నప్పుడే కాస్త జిడ్డుగా, రంగు తేలి ఉంటుంది కాబట్టి మురికైందనుకుని పెట్రోలుతో కడిగేసేవాళ్లు కొల్లలు. స్పాంజి ఫిల్టర్ మట్టిలో పందేలు ఆడే బైకులది. నూనె పట్టించి వాడతారు, ఎంత దుమ్మునైనా తనలో ఇముడ్చుకుంటుంది, కానీ తరచూ కడగాలి. ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీలో రైడర్లు రాత్రి మకాం చేరగానే చేసే పనుల్లో ఫిల్టర్ మార్చడం ఒకటి. ఆ ర్యాలీని 2015లో పూర్తి చేసి తొలి భారతీయుడనిపించుకున్న సి.ఎస్. సంతోష్ మన పక్క బెంగళూరు మనిషే. రోజుకొక ఫిల్టర్ పద్ధతి మనకు అతి, కానీ ఎడారిలో ఎవరూ కిలోమీటర్లు లెక్కపెట్టి మార్చరన్నది గమనించాలి.

ఎడారి మాట వచ్చింది కనుక రెండో ప్రపంచయుద్ధపు సంగతి ఒకటి. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సైన్యం వాడిన బీఎండబ్ల్యూ ఆర్ 75 సైడ్‌కార్ బైకుకు మొదట ఎయిర్ ఫిల్టర్ గేరుబాక్సు పైన ఉండేది, తరువాత దాన్ని పెట్రోలు ట్యాంకు మీదికి, టోపీలాంటి మూత కిందికి మార్చారు. చక్రాలు లేపే దుమ్ముకు వీలైనంత దూరంగా, ఎత్తుగా పెట్టడమే ఆ మార్పు. ఫిల్టర్‌ను మెరుగుపరచడం కన్నా గాలి తీసుకునే చోటును మార్చడం మేలన్న ఆ తెలివి ఇప్పటి మట్టిదారి బైకుల్లోనూ ఉంది.

మన దగ్గర అసలు మోజు కాటన్ ఫిల్టర్ మీద. నూనె పట్టించిన నూలుబట్ట పొరలను తీగజాలి మధ్య పెట్టి చేసేది. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పుట్టిన కే అండ్ ఎన్ కంపెనీ దీనికి పేరు తెచ్చింది. గాలి ధారాళంగా వస్తుంది, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు, ఒకసారి కొంటే బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఇవన్నీ నిజమే. నా అభ్యంతరం వేరు. గాలి ఎక్కువ రానిచ్చే జల్లెడ సన్నని కణాలను కూడా ఎక్కువ రానిస్తుంది, అందులో మాయ లేదు. ఒక ఫిల్టర్ నూటికి 99 పాళ్ల దుమ్మును, ఇంకొకటి 97 పాళ్లను పడుతుందనుకుందాం. చెవికి రెండు పాళ్ల తేడా. ఇంజన్‌కు మాత్రం మొదటిది ఒక పాలు పంపితే రెండోది మూడు పాళ్లు పంపుతోంది, మూడు రెట్లు. పందెం బైకు ఇంజన్‌ను ఎలాగూ సీజన్‌కోసారి విప్పుతారు. లక్ష కిలోమీటర్లు నడవాలనుకునే బైకుకు, అదీ సండూరు పక్కన, ఆ బేరం గిట్టుబాటు కాదు. పైగా ఉతికాక నూనె సమంగా పట్టించడం నేర్పున్న పని. తక్కువైతే దుమ్ము దూరుతుంది, ఎక్కువైతే గాలి ఆడదు. ఆరీ ఆరకముందే బిగించేవాళ్లను చూస్తే ఆ "జీవితకాలం" ఎవరి జీవితకాలమో తెలియదు. తీరప్రాంతంలో తారురోడ్ల మీద తిరిగేవాళ్లు వేసుకుంటే అది వాళ్ల ఇష్టం. బళ్లారిలో మాత్రం కంపెనీ కాగితమే నయమని నా తీర్పు.

ఇక గాలి కొట్టడం. వీధి మెకానిక్ మాటలో కొంత న్యాయముంది, కొన్ని కంపెనీల పుస్తకాలే పొడి కాగితాన్ని తక్కువ ఒత్తిడి గాలితో శుభ్రం చేయొచ్చంటాయి. తక్కువ ఒత్తిడి, దూరం నుంచి, లోపలివైపు నుంచి బయటికి. మన పంక్చర్ షాపుల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. లారీ టైర్లకు వాడే కంప్రెసర్, నాజిల్ మడతలకు ఆనించి, మురికి ఉన్న వైపు నుంచే. దుమ్మంతా ఎగిరిపోయి కాగితం తెల్లగా తేలితే యజమానికి తృప్తి. కానీ ఆ దెబ్బకు కాగితపు నారలు సడలుతాయి, కంటికి కనబడని చిల్లులు పడతాయి, సన్నదుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. నేలకేసి కొట్టడం మరీ అన్యాయం, మడతలు పట్టుకున్న అంచు వంగిపోతుంది.

దీంట్లో చాలామందికి కొత్తగా తోచే సంగతి ఇంకొకటుంది. కాస్త మురికైన ఫిల్టర్ కొత్త ఫిల్టర్ కన్నా బాగా వడగడుతుంది. పట్టిన దుమ్మే పొరగా ఏర్పడి మరింత సన్నని దుమ్మును ఆపుతుంది. గాలి ఆడటం కష్టమయ్యేదాకా ఆ పొర మనకు మేలే చేస్తోంది. వారం వారం విప్పి ఆ పొరను దులిపేసేవాడు ప్రతిసారీ వడపోతను మొదటికి తెస్తున్నాడు. విప్పిన ప్రతిసారీ డబ్బాలో నాలుగు రేణువులు శుభ్రమైన వైపుకు జారే ప్రమాదమూ ఉంది. అతి శ్రద్ధకూ అశ్రద్ధకూ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉన్న పని బైకు మీద ఇంకొకటి లేదేమో.

మార్చే పని సులువే, అందుకే దాన్ని నిర్లక్ష్యంగా చేస్తారు. కొన్ని బళ్లలో ఫిల్టర్ సీటు కింద, కొన్నిట్లో పక్క ప్యానెల్ వెనక, కొన్నిట్లో ట్యాంకు కింద ఉంటుంది. హోండా ఆఫ్రికా ట్విన్‌లో రెండు ఫిల్టర్లు, చెరో పక్కన. ఎక్కడున్నా మొదటి పని మూత విప్పడం కాదు, మూత చుట్టుపక్కల తడిగుడ్డతో తుడవడం. లేకపోతే స్క్రూలు విప్పగానే సందుల్లో పేరుకున్న మన్నంతా నేరుగా లోపలికి రాలుతుంది. పాత ఫిల్టర్‌ను కుదపకుండా ఎత్తి పక్కన పెట్టాలి. అప్పుడు అసలు పరీక్ష: ఇంజన్‌వైపు, అంటే శుభ్రంగా ఉండాల్సిన వైపు, తెల్లగుడ్డ చుట్టిన వేలితో తుడిచి చూడాలి. గుడ్డ తెల్లగానే ఉంటే ఇన్నాళ్లూ ఫిల్టర్ తన పని తాను చేసింది. ఎర్రగా వస్తే కొత్త ఫిల్టర్ వేసి లాభం లేదు, గాలి ఎక్కడో పక్కదారిన పోతోంది. రబ్బరు అంచు గట్టిపడిందా, రబ్బరు గొట్టం క్లిప్పు సడలిందా, మూత వంగిందా అన్నది ముందు తేల్చాలి. వడపోత ఎంత గొప్పదైనా అంచు దగ్గర చిన్న సందుంటే గాలి ఆ సులువైన దారే పడుతుంది. డబ్బా అడుగున చిన్న డ్రెయిన్ గొట్టం ఉంటుంది, అందులో నీళ్లో ఆయిలో నిలిచాయేమో చూడాలి. ఇంజన్ ఆయిలు హద్దు మించి పోస్తే బ్రీదర్ ద్వారా ఆవిరి వచ్చి ఫిల్టర్ నానుతుంది. నెలల తరబడి పల్లెలో నిలిపిన బండైతే ఎలుక గూడు కూడా చూసుకోవాలి. కాగితం, వరిగడ్డి, వెచ్చని చీకటి డబ్బా, దానికి అంతకన్నా ఏం కావాలి.

కొత్తదాన్ని కొనేటప్పుడు డూప్లికేట్ బెడద ఉంది. అచ్చు అదే పెట్టె, అదే హోలోగ్రామ్. తేడా ఎక్కడ తెలుస్తుందంటే మడతలు పలచగా, ఎడంగా ఉంటాయి, అంచు రబ్బరు నొక్కితే లొంగదు, గూటిలో పెడితే వదులుగా ఆడుతుంది. పాతదాన్ని వెంట తీసుకుపోయి పక్కపక్కన పెట్టి చూడటం మంచి ఉపాయం. బిగించేటప్పుడు ప్లాస్టిక్ మరలకు బలం చూపకూడదు. పని అయ్యాక ఫిల్టర్ అంచు మీద స్కెచ్ పెన్నుతో తేదీ, మీటర్ అంకె రాసి పెడితే వచ్చేసారి ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్మక్కర్లేదు.

అయితే ఎప్పుడు మార్చాలి? అన్నీ చూశాక నేను చేరిన చోటు ఇది. తారురోడ్డు మీదే తిరిగే బైకుకు పుస్తకంలో అంకె చాలు. వారానికొకసారైనా సండూరు, తోరణగల్లు దారులు, కోతల కాలపు సిరుగుప్ప రోడ్డు తొక్కే బైకుకు పుస్తకంలోని అంకెలో సగం. మూడువేలకోసారి మూత తీసి చూడటం మంచిదే, చూడటం మాత్రమే, దులపడం కాదు. వర్షంలో తడిసి కాగితం మెత్తబడితే, లేదా లారీల వెనక ముందేమీ కనబడని దుమ్ములో గంట చిక్కుకుంటే మీటర్ చూడకుండా మార్చాలి. లేహ్‌కు బయలుదేరేవాళ్లు కొత్తది వేసుకుని ఒకటి సంచిలో పెట్టుకోవాలి. ఖర్దుంగ్ లా ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం చిల్లర. అక్కడ మూసుకుపోయిన ఫిల్టర్ ఉన్న కాస్త గాలినీ ఆపుతుంది.

ఇంతకంటే కచ్చితమైన పద్ధతి లేదా అంటే ఉంది, మన కళ్లముందే తిరుగుతోంది. గనుల్లో ఖనిజం మోసే భారీ డంపర్లకు ఫిల్టర్ తరువాత గాలిగొట్టం మీద ఒక చిన్న సూచిక బిగించి ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ ఇంజన్ గాలిని ఎంత బలంగా లాగాల్సి వస్తోందో అది కొలుస్తుంది. ఆ లాగుడు సుమారు 25 అంగుళాల నీటిమట్టానికి సమానమైతే అందులో బిళ్ల ఎర్రగీతకు చేరి అక్కడే నిలిచిపోతుంది. ఆపరేటర్ దాన్ని చూసి మారుస్తాడు. అందులోనూ బయటి ఫిల్టర్ ఒకటి, దాని లోపల కాపలా ఫిల్టర్ ఇంకొకటి. ఆ లోపలిదాన్ని ఎప్పుడూ శుభ్రం చేయకూడదు, మార్చాలంతే. ఆ దుమ్ము లేపే బండికి ఆ దుమ్మును కొలిచే సాధనముంది, దాని వెనక పోయే రెండు మూడు లక్షల బైకుకు లేదు. బైకు స్క్రీన్ మీద ఫోన్ కాల్ కనబడుతుంది, దారి మలుపులు కనబడతాయి, ఫిల్టర్ సంగతి మాత్రం కిలోమీటర్ల రిమైండర్‌గానే వస్తుంది.

దీనికి ఇంజనీర్లకు ఒక సాకు ఉంది, అది పూర్తిగా సాకు కూడా కాదు. పెద్ద డీజిల్ ఇంజన్‌లో ఆరేసి సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి గాలి లాగుతాయి కాబట్టి ఆ లాగుడు నిలకడగా ఉంటుంది. ఒకే సిలిండర్ బైకు దెబ్బదెబ్బగా లాగుతుంది, డబ్బాలో ఒత్తిడి క్షణక్షణం ఊగుతుంది, చవక సూచిక దాన్ని తప్పుగా చదువుతుంది. కానీ ఇంజెక్షన్ బళ్లలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఎలాగూ ఉంది, ఆ ఊగిసలాటను సగటు కట్టడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. ఏ కంపెనీ అయినా ఆ పని చేసేదాకా బళ్లారి రైడర్‌కు మిగిలిన సాధనాలు టార్చిలైటు, తెల్లగుడ్డ, స్కెచ్ పెన్ను. ఫిల్టర్ వెనక టార్చి పెట్టి చూస్తే మడతల్లో చిరుగు సూదిమొన వెలుగై కనబడుతుంది. వెలుగు అసలు రాకపోతే కాగితం నిండిపోయినట్టు. వెలుగు బాగా వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు, పదే పదే గాలి కొట్టించిన ఫిల్టర్ కూడా బాగానే వెలుగు రానిస్తుంది.